తాడిపత్రికి మూడు టికెట్లు

మన ఆడవాళ్ల ప్రయాణాలన్నీ ఒకసారి వేళ్ల మీద లెక్కపెట్టుకోండి. పెళ్లి, పురుడు, చావు, ఆస్పత్రి, తిరుపతి. ఈ ఐదూ తీసేస్తే మిగిలేది ఎంత? నాకైతే ఇరవై రెండేళ్ల కాపురంలో సున్నా మిగిలింది. ఏ పనీ లేకుండా, ఎవరికీ ఏమీ కాకుండా, ఊరికే ఒక ఊరు చూడ్డానికి పోయి రావడం అనేది మన లెక్కల్లో లేనే లేదు.

ఈ మాట నాకు నేనుగా తట్టలేదు. మా ఆడబిడ్డ కూతురు మిలాన్‌లో చదువుకుంటోంది. మొన్న కార్తీకంలో వీడియో కాల్ చేసి, "అత్తా, వచ్చే నెల ఒక ఆదివారం ఫ్లోరెన్స్ పోయొస్తున్నా. పొద్దున రైలెక్కి, రాత్రికి రూముకొచ్చేస్తా" అంది. మూడు వందల కిలోమీటర్ల దూరమట, రెండు గంటల ప్రయాణమట. ఆ ఒక్క రోజు కోసం ఆ పిల్ల చేసుకున్న ఏర్పాట్లు వింటుంటే నాకు భలే ముచ్చటేసింది. టికెట్ ముందే కొనేసింది, ఎందుకంటే వేగంగా పోయే రైళ్లకు రోజు దగ్గరపడే కొద్దీ ధర పెరుగుతుంది. ఉఫీజీ అనే పెద్ద చిత్రశాలకు సోమవారం సెలవు కాబట్టి ఆదివారం పెట్టుకుంది. అక్కడి పెద్ద చర్చి గుమ్మటం ఎక్కాలంటే 463 మెట్లు, లిఫ్టు లేదు, ఏ గంటకు ఎక్కుతామో ముందే చెప్పి టికెట్ తీసుకోవాలి.

"అంతా బాగుంది గానీ, నువ్వేం చూస్తావు అత్తా?" అని అడిగింది చివర్లో.

"నేనేం చూస్తానే, మీ మామ షిఫ్టు టైములు చూస్తా" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఫోను పెట్టేశాక మాత్రం ఆ ప్రశ్న పోలేదు. పప్పు ఎనుపుతుంటే ఉంది, బట్టలు మడుస్తుంటే ఉంది.

నేను చూడాలనుకున్న ఊరు ఒకటి ఉంది. అది ఇటలీలో లేదు. మా చిలమకూరు నుంచి ఆటో ఎక్కితే ఎర్రగుంట్ల స్టేషను. ఎర్రగుంట్లలో గుంతకల్లు వైపు పోయే రైలు ఎక్కితే గంటో గంటన్నరో. తాడిపత్రి. మద్రాసు నుంచి బొంబాయికి వేసిన ఈ లైను 1871లో రాయచూరు దగ్గర అటు నుంచి వచ్చిన లైనుతో కలిసింది. నూటయాభై ఏళ్లు దాటిన దారి. పెళ్లయిన కొత్తల్లో గుంతకల్లులో ఉన్న మా చిన్నమ్మ ఇంటికి పోయేటప్పుడు ఎన్నిసార్లు తాడిపత్రి మీదుగా పోయానో! ప్రతిసారీ బండి రెండు నిమిషాలు ఆగేది, మేం కిటికీలోంచి టీ కొనుక్కునేవాళ్లం, బండి కదిలేది. దిగింది మాత్రం ఒక్కసారి కూడా లేదు. బి.ఎ. తెలుగులో మాకు చరిత్ర చెప్పిన మేడమ్ తాడిపత్రి గుళ్ల గురించి చెబుతూ, "మన గండికోట ఏలిన పెమ్మసాని వాళ్లే కట్టించారమ్మా, ఇంత దగ్గరుండి చూడకపోతే ఎట్ల?" అనేది. అప్పటి నుంచి ఉంది ఆ కోరిక.

ఇంట్లో ఆ మాట ఎత్తాను. మా ఆయన పేపరు దించకుండానే, "తాడిపత్రిలో ఏముండాదని? సరే పోదాంలే, కారు మాట్లాడుకుంటే మధ్యాహ్నానికి వచ్చేయొచ్చు" అన్నారు.

ఆయన మంచికే అన్నారు. కానీ కారంటే ఏమవుతుందో మీకూ తెలుసు. డ్రైవరు పక్కన ఆయన కూర్చుంటారు, వెనక మేము. గుడి దగ్గర దిగిన దగ్గర్నుంచి "ఇంక అయిందా?" అని గడియారం చూస్తారు. నాకు కావలసింది తాడిపత్రి చూసి వచ్చామని అనిపించుకోవడం కాదు, ఒక రోజు. "రైల్లో పోతాం. నేనూ పాపా" అన్నాను. పాప ప్రొద్దుటూరులో డిగ్రీ చదువుతోంది, ఆదివారం ఖాళీయే.

అప్పటిదాకా మూల కూర్చుని చెనక్కాయలు ఒలుస్తున్న మా అత్త తల ఎత్తింది. "రైలు కొండాపురం మీదనే గదా పోయేది?"

"అవునత్తా."

"అట్లయితే నేనూ వస్తా."

ఇక్కడ మా అత్త సంగతి కొంచెం చెప్పాలి. ఆమె పుట్టిల్లు కొండాపురం మండలంలో పెన్న ఒడ్డున ఒక పల్లె. ఊరి పేరు రాయను, రాసినా ఇప్పుడు లేదు. గండికోట ప్రాజెక్టు ముంపులో పోయింది. నీళ్లు వస్తాయి వస్తాయి అని ఏళ్ల తరబడి అంటూనే ఉన్నారు. చివరికి 2020లో నిజంగానే వచ్చాయి. మా అత్త తమ్ముడు పరిహారం తీసుకుని పునరావాస కాలనీలో ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశానికి పిలిచాడు, పండగలకు పిలిచాడు, మనవరాలి ఓణీల ఫంక్షనుకు పిలిచాడు. ఆమె ఒక్కదానికీ పోలేదు. మోకాళ్లు నొప్పులంటుంది. అవే మోకాళ్లతో ప్రొద్దుటూరు అమ్మవారిశాలకు దసరాకు పోయొచ్చింది. ఊరు మునిగినప్పటి నుంచి ఆ పల్లె పేరు ఆమె నోట నేను వినలేదు. అలాంటి మనిషి తనకు తానుగా కొండాపురం పేరెత్తింది.

దాంతో నా ప్రయాణం ఒక్కసారిగా బరువెక్కింది. డెబ్బై రెండేళ్ల మనిషిని తీసుకుపోవడం వేరు, మనం పోవడం వేరు. పాప నోటుబుక్కులో ఒక పేజీ తీసి నాలుగు గీతలు గీసింది. రైలు, గుడి, ఒళ్లు, ఇల్లు. మా ప్రణాళికంతా ఆ నాలుగు గళ్లలోనే నడిచింది. మీకెవరికైనా పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

మొదటి గడి రైలు. రైళ్ల వేళలు మారుతుంటాయి కాబట్టి ఇక్కడ రాయడం లేదు, మీరు పోయే వారంలో చూసుకోండి. మేం పెట్టుకున్న నియమాలు మాత్రం చెబుతా. పోయే రైలు పొద్దున్నే ఉండాలి. వచ్చేది చీకటి పడకముందే తాడిపత్రిలో ఎక్కేలా ఉండాలి. అది తప్పితే దాని వెనకాల ఇంకో రైలు ఉండాలి. ఈ మూడోది ముఖ్యం. ఇంకో బండి ఉందని తెలిస్తే మనసు నిమ్మళంగా ఉంటుంది, చూసేది చూడనిస్తుంది. ఇంత దగ్గరి ప్రయాణానికి జనరల్ టికెట్ ముందురోజే కొని పెట్టుకుందామంటే కుదరదు, కొన్నాక మూడు గంటల్లోపే బండెక్కాలి. ఇటలీలో మామూలు రైళ్లకు కాగితం టికెట్ కొంటే ఎక్కేముందు ప్లాట్‌ఫాం మీది మిషన్లో ముద్ర వేయించుకోవాలట, లేదంటే జరిమానా. ఎక్కడి రైలుకు అక్కడి మర్యాద.

రైలు గడిలో మా అత్త ఒక షరతు చేర్పించింది. పోయేటప్పుడు కుడి వైపు కిటికీ కావాలి. ఎర్రగుంట్ల నుంచి తాడిపత్రి పోతుంటే పెన్న కుడి చేతి వైపు ఉంటుంది. నేను అవునో కాదో అనేలోపే ఆమె వేలితో గాల్లో గీసి చూపించింది, "ఇది బండి, ఇది ఏరు, ఇది మా ఊరు" అని. జనరల్ పెట్టెలో కిటికీ ఎవరిస్తారు? అందుకని రిజర్వేషను ఉన్న పగటి రైలు చూసి, ముగ్గురికీ సీట్లు తీసుకున్నాం. ఏ సీటు ఏ పక్క వస్తుందో తేలదు గదా, కిటికీ దగ్గర ఎవరున్నా అడుగుదామనుకున్నాం. అవ్వ కోసం అడిగితే మన దేశంలో కాదనేవాళ్లు తక్కువ.

రెండో గడి గుడి. తాడిపత్రిలో చూడాల్సినవి రెండు. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి, ఊళ్లో చింతల వెంకటరమణుడి గుడి. చాలా గుళ్లలో మధ్యాహ్నం గర్భగుడి తలుపు వేసేస్తారు. కాబట్టి పొద్దున దిగగానే ముందు ఒక గుళ్లో దర్శనం, మధ్యాహ్నం వేళ మండపంలో అన్నాలు తినేసి తీరిగ్గా శిల్పాలు చూడ్డం, ఆ తర్వాత రెండోది. కార్తీకంలో శివాలయాలు కిటకిటలాడతాయి, అది దాటాక మార్గశిరంలో ఒక ఆదివారం పెట్టుకున్నాం. ఎండ ఉండదు, నేల కాలదు.

మూడో గడి ఒళ్లు. ఇది ఏ టూరిస్టు పుస్తకంలోనూ ఉండదు. నా నెలసరి, పాప నెలసరి తేదీలు చూసుకుంటే నెలలో నాలుగు ఆదివారాల్లో మిగిలింది ఒకటే. అత్తకు బీపీ మాత్ర పొద్దున, షుగరు మాత్ర అన్నానికి ముందు. బాత్రూమ్ ఎక్కడెక్కడ దొరుకుతుందో ముందే అనుకోవాలి. మనలో చాలామంది దానికి భయపడి నీళ్లు తాగడం మానేసి, సాయంత్రానికి తలనొప్పితో ఇంటికొస్తాం. రైల్లో ఒకసారి, స్టేషన్ వెయిటింగ్ హాల్లో ఒకసారి, తిరిగి స్టేషన్లో ఒకసారి అని రాసుకున్నాం. నవ్వకండి, ఇది రాసుకున్నందుకే ఆ రోజు ముగ్గురం కడుపునిండా నీళ్లు తాగాం.

నాలుగో గడి ఇల్లు. పాలామెకు ముందురోజే చెప్పాలి. కొళాయి నీళ్లు వచ్చే టైముకు ఎవరో ఒకరు ఉండాలి. మా ఆయనది ఆ వారం సిమెంటు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు, పొద్దున వచ్చి పడుకుంటారు. "బువ్వ నేను వండుకుంటాలే, రసం మాత్రం పెట్టి పో" అన్నారు. ఇది రాస్తుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే. మాకు చిత్రాన్నం, పెరుగన్నం, చెనక్కాయల పొడి, నిమ్మకాయ ఊరగాయ. అత్తకు విడిగా రెండు జొన్నరొట్టెలు.

ఇంత చేసి ఆ ఆదివారం బండెక్కాం. ఎర్రగుంట్ల దాటగానే కలమళ్ల పొలిమేర. థర్మల్ పవర్ స్టేషన్ పొగగొట్టాలు కనిపిస్తాయి. "ఆ కలమళ్లలోనే మన మొదటి తెలుగు శాసనం, 575 నాటిది, రేనాటి చోళుల రాజు ఎరికల్ ముత్తురాజు వేయించాడు" అని పాపకు చెప్పాను. నాపరాళ్ల గనులకూ పొగగొట్టాలకూ పేరుపడ్డ మా నేల మీదే తెలుగు రాయి మీదికెక్కింది. పాప కిటికీలోంచి ఫోటో తీసి మిలాన్‌కు పంపింది.

ముద్దనూరు దాటాక అత్త మాటలు ఆగిపోయాయి. కిటికీ దగ్గర కూర్చున్న కాలేజీ అబ్బాయి అడక్కముందే లేచి సీటిచ్చాడు. ఆమె చువ్వలు పట్టుకుని కూర్చుంది. కొండాపురం దగ్గరికి వస్తుంటే దూరంగా తెల్లగా మెరిసింది. మొదట ఎండ అనుకున్నాను. నీళ్లు. వేళ్లతో ఏదో లెక్కపెట్టుకుంటోంది అత్త. గుట్టలను బట్టి గుర్తు పట్టుకుంటోందని తర్వాత అర్థమైంది. గుట్టలు ఎక్కడివక్కడే ఉన్నాయి గదా.

"ఆ గుట్టకు ఇవతల రెండు పరుగుల దూరం మా చేను. ఏటి నుంచి నీళ్లు తెచ్చి మిరప నారు పోసేవాళ్లం. నీళ్లు చాలక మా నాయన ఏడ్చినాడు ఒక ఏడు" అంది. కాసేపాగి, "ఇప్పుడు చూడు, ఎన్ని నీళ్లో" అంది.

నేనేం మాట్లాడలేదు. ఆ నీళ్లే మన జిల్లాలో ఎంతమంది చేలకో పోతున్నాయి, అది అబద్ధం కాదు. ఆమె చేను వాటి కిందే ఉంది, అదీ అబద్ధం కాదు. రెండూ ఒకేసారి నిజమైనప్పుడు కోడలు ఏమని ఓదార్చాలి? పాప వాళ్ల అవ్వ చెయ్యి పట్టుకుంది. బండి ముందుకు పోయింది.

తాడిపత్రిలో ఆటో ఎక్కి మొదట బుగ్గ గుడికి పోయాం. లింగం దగ్గర ఊట ఉంది, ఎప్పుడూ నీళ్లు ఊరుతూనే ఉంటాయి, అందుకే బుగ్గ రామలింగడు. పదిహేనో శతాబ్దం చివర్లో, పదహారో శతాబ్దం మొదట్లో పెమ్మసాని రామలింగనాయుడి కాలంలో కట్టిన గుడి. లోపలి దర్శనం కంటే నన్ను నిలబెట్టేసినవి బయటి గోపురాలు. కింది నుంచి దాకా చెక్కుడే చెక్కుడు, అంగుళం ఖాళీ లేదు. తీగలు, హంసలు, స్త్రీలు, చిన్న చిన్న గూళ్లు, ఆ గూళ్లలో మళ్లీ గూళ్లు. పందొమ్మిదో శతాబ్దంలో ఫెర్గుసన్ అనే స్కాటిష్ పండితుడు మన దేశపు కట్టడాల మీద పుస్తకం రాస్తూ ఈ గోపురాల పనితనాన్ని ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. అంత చెక్కి, పైన అంతస్తులు లేవు. పూర్తి కాని గోపురాలు అవి.

అత్త మెట్టు మీద కూర్చుని మోకాలు రుద్దుకుంటూ చాలాసేపు పైకి చూసింది. "సగంలో ఆగిపోయినా ఎవరూ పడగొట్టలేదు చూడు" అంది.

మండపం నీడలో అన్నాలు తిన్నాం. తర్వాత చింతల వెంకటరమణుడి గుడి. పెమ్మసాని తిమ్మనాయుడు కట్టించాడు. చింతచెట్ల మధ్య దేవుడు వెలిశాడని ఆ పేరు చెబుతారు. ముందర రాతి రథంలా ఉండే గరుడ మండపం, గోడల మీద రామాయణం, కృష్ణలీలలు వరసగా చెక్కి ఉన్నాయి. చదువు రాని మా అత్త అక్కడ మాకు టీచరు అయిపోయింది. ఇది వాలి సుగ్రీవులు, ఇది అశోకవనం అని గోడ వెంట నడుస్తూ చెబుతుంటే మోకాళ్ల సంగతి ఆమే మర్చిపోయింది. నా డిగ్రీ, పాప ఫోను రెండూ ఆమె వెనకాల నడిచాయి.

నాలుగు గంటలకు స్టేషన్లో కూర్చుని ఉండగా మిలాన్ పిల్ల ఫ్లోరెన్స్ నుంచి వీడియో కాల్ చేసింది. వాళ్లకింకా మధ్యాహ్నం కాలేదు. పెద్ద చర్చి చూపించింది. గుమ్మటం 1436లో పూర్తయిందట, కానీ ముందు గోడ మాత్రం అసంపూర్తిగా ఉండిపోయి 1887లో గానీ పూర్తి కాలేదట. "ఇంకో చర్చి ఉంది అత్తా, సాన్ లోరెంజో. దాని ముందు గోడకు మైకెలాంజిలో అంతటివాడు నమూనా వేశాడు. పని జరగలేదు. ఈ రోజుకీ ఉత్త గోడే" అని ఫోను తిప్పి చూపింది. మా పాప తను తీసిన గోపురాల ఫోటోలు చూపించింది. అటు ఉత్త గోడ, ఇటు సగం గోపురాలు.

"వాళ్లకూ ఆగిపోయిందా పని?" అని అత్త అడిగింది. ఆగిపోయిందవ్వా అంటే, "అంత డబ్బున్నోళ్లకే ఆగిపోయింది" అని తృప్తిగా తల ఊపింది.

ఇటలీకీ మనకూ ఉన్న చుట్టరికం గురించి ఒక్క మాట. వెనిస్ వర్తకుడు నికొలో కాంటి 1420 ప్రాంతంలో విజయనగరం చూసిపోయాడు. తెలుగును ప్రాచ్య దేశపు ఇటాలియన్ అన్నది ఆయనే అని చెబుతుంటారు. పెమ్మసాని వాళ్లు కొలిచింది ఆ విజయనగరాన్నే. కాంటి చెప్పిన కబుర్లను పోప్ గారి కార్యదర్శి పోజ్జో లాటిన్‌లో రాసిపెట్టాడు కాబట్టి ఈనాటికీ చదువుకుంటున్నాం. ఆ ప్రయాణాల్లో కాంటి వెంట భార్యా నలుగురు పిల్లలూ ఉన్నారు. తిరుగుదారిలో ఈజిప్టులో తెగులు సోకి ఆమె, ఇద్దరు పిల్లలు చనిపోయారు. ఆయన చూసిన ఊళ్లన్నీ ఆమె కూడా చూసే ఉంటుంది గదా. ఆమె ఏం చూసిందో ఎవరూ అడిగి రాసుకోలేదు. మనం పోయిన ఊళ్ల గురించి మనమే రాసుకోవాలని నేననుకునేది అందుకే. పెద్ద ఊరే కానక్కర్లేదు.

ఖర్చు కూడా చెప్పమని పాప అంటోంది. రైలు టికెట్లు, ఆటోలు, పూలు, కొబ్బరికాయలు, రెండు టీలు, అత్త కొనుక్కున్న గాజులు. అన్నీ కలిపినా మా ఆయన మాట్లాడతానన్న కారు బాడుగలో సగం కాలేదు.

మీరూ మీ ఊరి స్టేషన్ నుంచి గంట దూరంలో ఏముందో ఒకసారి చూసుకోండి. ఎర్రగుంట్ల నుంచి ఇటు పోతే ఒంటిమిట్ట, నందలూరు. 2016లో పూర్తయిన నంద్యాల లైను ఎక్కితే ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, బనగానపల్లె. నాలుగు గళ్లు గీసుకోండి. మూడో గడి మాత్రం మర్చిపోవద్దు.

ఇంకో సంగతి. మేం వచ్చిన నాలుగో రోజు మా అత్త తమ్ముడికి ఫోను చేసింది. నేను వంటింట్లో ఉన్నాను, వినిపించింది. చాలాసేపు పిల్లల గురించి, గొడ్ల గురించి మాట్లాడింది. పెట్టేసే ముందు, "ఒరే, ఆ కాలనీలో మీ ఇంటికి మెట్లు ఎన్నిరా?" అని అడిగింది.